పర్వతాలు ఆపిన సూది

గొర్లను గుర్తుపట్టుడంటే తుమ్మలకుంటల గొర్లు కాసే పర్వతాలు తర్వాతనే ఎవలన్న. నారాయణపేట దిక్కు ఏ అంగడికన్న పోయి అడుగున్రి, చెప్తరు. మందల నూటఇరవై ఉండనీ, రెండువందలు ఉండనీ, పొద్దుగూకి దొడ్లెకు తోలేటప్పుడు ఆయన లెక్కపెట్టేటోడు కాదు. ఒక్కసారి కండ్లు తిప్పి, "తెల్లమూతిది రాలే" అనేటోడు. పోయి చూస్తే అది యాడనో తుమ్మకంపకు బొచ్చు తట్టుకొని నిలబడి ఉండేది.

తెలంగాణ వచ్చిన ఏడు అనుకుంట, ఆయన మందలకెల్లి మూడు గొర్లను దొంగలు ఎత్తుకపోయిన్రు. మా దిక్కు ఒక్కో మందకు ఒక్కో చెవి గుర్తు ఉంటది. పర్వతాలు గొర్లకు ఎడమ చెవి కొసకు చిన్న గాటు. దొంగలు తెలివిగల్లోళ్లు. ఆ చెవిని సగానికి కోసిన్రు, బొచ్చు కత్తిరించిన్రు, వీపు మీద నీలం రంగు పూసిన్రు. మూడు వారాలైనంక అంగడిల అమ్మకానికి నిలబెట్టిన్రు. పర్వతాలు చాయ తాగుకుంట పోతున్నోడు అట్లనే ఆగిండు.

"గిది నాది," అన్నడు.

అమ్మెటోడు మీదికొచ్చిండు. "నీదంటే నీదైతదా? చెవి చూడు, రంగు చూడు!"

పర్వతాలు చాయ గిలాస కింద పెట్టి నవ్విండు. "చెవి కోస్తివి, బొచ్చు కోస్తివి, రంగు మారిస్తివి. మొకం ఏం జేస్తవ్ రా? నడక ఏం జేస్తవ్?" కింది పండ్లల్ల ఒకటి వంకర ఉంటదని నోరు తెరవకముందే చెప్పిండు, తెరిచి చూస్తే ఉన్నది. కుడికాలు జర ఎగరేసి నడుస్తదన్నడు, నడిపిస్తే గట్లనే నడిచింది. పశువుల దవాఖాన కాంపౌండర్ గోపీకృష్ణ గూడ ఆ దినం ఆడనే ఉండె. "అన్నా, నువ్వు పోలీసుల ఉండవలసినోడివి," అని వీపు చరిచిండు. మూడు గొర్లు ఇంటికొచ్చినై.

గంత తెలివి. గొర్ల కాడ గంత తెలివి ఉన్నోడు పెండ్లాం కాడికి వచ్చేసరికి ఏం జేసిండో చెప్పాలంటే నాకే కడుపు మండుతది. అయినా చెప్పాలె.

ఏడాదికొకసారి, వానలకు ముందు, చిటుకరోగం రాకుండ గొర్లకు సూదులేసే దినం ఆ ఇంట్ల పండుగ లెక్క ఉండేది. గోపీకృష్ణ మందు డబ్బల ఐసుగడ్డలు పెట్టుకొని పొద్దుగాలనే దిగేటోడు. పర్వతాలు ఒక్కొక్క గొర్రెను రెండు కాళ్ల నడుమ ఇరికించి మూతి పట్టి పైకెత్తేటోడు. గోపీకృష్ణ పొడిచేటోడు. పొడిచినంక పర్వతాలు పెండ్లాం జానమ్మ జాజు గిన్నెల వేలు ముంచి దాని నొసట ఎర్రటి బొట్టు పెట్టేది. బొట్టు ఉన్నదంటే అయిపోయినట్టు, లేదంటే మిగిలినట్టు. ఎర్రమన్ను నీళ్లల్ల కలిపితే జాజు, దానికేమున్నది గని, ఆ బొట్టు వల్ల ఒక్క గొర్రెకు రెండుసార్లు సూది పడలే, ఒక్కటి తప్పిపోలే. ఇరవై ఏండ్ల పైన పెట్టింది జానమ్మ ఆ బొట్టు. "నువ్వు పెండ్లికూతురివే, ఇగ పో," అని ఒక్కొక్కదాని వీపు తట్టి ఇడిసేది.

రాష్ట్రం వచ్చిన మూడో వానకాలమో నాలుగోదో, మందకు నీలినాలుక తగిలింది. మూతులు వాచినై, నాలుకలు నీలమెక్కినై, గిట్టల కాడ పుండ్లు. మేత నోట్లెకు పోకపాయె. దానికి గూడ ముందే సూది ఏయించి ఉండె పర్వతాలు. అయినా వారం దినాలల్ల ముప్పైనాలుగు గొర్లు పోయినై. దొడ్డి వెనుక గుంతలు తవ్వి తవ్వి ఆయన చేతులు బొబ్బలెక్కినై. గోపీకృష్ణ బండి దిగంగనే గల్లా పట్టుకున్నంత పని జేసిండు.

"నా గొర్లకు నీళ్లు పొడిచినవా ఏంది?"

"నీ కాల్మొక్త, కాదన్నా," అని గోపీకృష్ణ తల పట్టుకున్నడు. "గీ రోగంల చానా రకాలుంటయ్. మన సూదిల ఉన్న రకాలు వేరు, గిది వేరే రకం. దీన్ని ఆ సూది ఆపదు."

ఆ మాట పర్వతాలు గుండెల దిగబడ్డది. ముప్పైనాలుగు గొర్లను పూడ్చి నేర్చుకున్న మాట, ఊకెనే పోతదా? ఆనాటి నుంచి ఊర్ల ఎవని మేక తుమ్మినా పర్వతాలే పెద్ద డాక్టర్. ఏ నెలల ఏ రోగం, ఏ రోగానికి ఏ సూది, ఏ సూది దేనికి దండుగ, అన్నీ నోటికి చెప్పేటోడు. ఊరోళ్లు గూడ నోరు తెరుచుకొని వినేటోళ్లు. మనిషికి గంతకంటె ఏం గావాలె?

కరోనా వచ్చిన రెండో ఎండకాలం ఆయన మందను తోలుకొని ఎప్పటి లెక్కనే కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు పోయిండు. ఆ దిక్కు రైతులు ఎరువు కోసం చేన్లల్ల మంద పెట్టించుకుంటరు. ఆ ఏడు మాత్రం, "సూది ఏయించుకున్నోడే మా చేన్ల అడుగుపెట్టాలె," అన్నరు. సరే, ఏదైతే అదైతదని పర్వతాలు ఆడనే ఒక సూది పొడిపిచ్చుకున్నడు. రెండోది ఎండలు తగ్గి ఇంటికొచ్చినంక, శ్రావణం రాకముందే అయ్యింది. ఒక దినం చెయ్యి గుంజింది, అంతే. మరిచిపోయిండు.

జానమ్మ ఇంటికాడ పిల్లగొర్లతోటి ఉండిపోయింది. షుగర్ మనిషి. పక్కింటి ఉప్పలమ్మ వాళ్ల అత్తకు సూదేస్తే రెండు దినాలు జ్వరమొచ్చింది. "నేను పండుకుంటె గీ పిల్లలకు పాలెవరు తాపాలె?" అని జానమ్మ ఇయ్యాల రేపు అనుకుంటనే నెలలు ఎల్లదీసింది.

డిసెంబర్ల సూదులు ఇంటింటికి వచ్చినై. తెచ్చింది మెర్సి. ఆ ఊరి పిల్లనే, నర్సు కోర్సు చదివి ఆ ఊరి సబ్‌సెంటర్‌కే సిస్టర్ అయి వచ్చింది. పర్వతాలును మామ అంటది, జానమ్మను అత్తమ్మ అంటది.

"అత్తమ్మా, నీకు షుగర్ ఉన్నది. ఇగ ఆలస్యం చెయ్యకు. ముందుగాల నీకే ఏస్త," అన్నది.

జానమ్మ అప్పటికే మనసు చేసుకున్నది. అరుగు మీద కూసొని రైక చెయ్యి పైకి మడిచింది. "నాకు గూడ జాజుబొట్టు పెడతవా బిడ్డా?" అంటే వాడంత నవ్వింది. వెనుక ఉప్పలమ్మతో కలిపి ఇంకో ఆరుగురు ఆడోళ్లు వంతు కోసం నిలబడ్డరు. మెర్సి దూదితోటి చెయ్యి తుడిచింది గూడ. సరిగ్గ గప్పుడే పర్వతాలు చాయ హోటల్‌కెల్లి వచ్చిండు. ఆడ టీవీల పొద్దటి నుంచి ఒకటే లొల్లి: కొత్త రకం వచ్చింది, సూదులకు లొంగదట, ఇదట, అదట. నోరున్నోడల్ల డాక్టరే ఆ టీవీల.

"ఆగు మెర్సమ్మా," అన్నడు.

"ఏమైంది మామా?"

"గా సూది మొదలు వచ్చిన రకానికి చేసిన్రు గదా?"

"అవును మామా, కాని..."

"ఇప్పుడొచ్చింది వేరే రకం గదా?"

"వేరే రకమైనా పనిచేస్తది మామా. జలుబు, జ్వరం రావొచ్చు గని, పానం మీదికి రాకుండ ఆపుతదని మా సార్లు ట్రైనింగుల చెప్పిన్రు."

"ఎట్ల ఆపుతది?"

మెర్సి జర తడబడ్డది. పాపం, ఆమెకు చెప్పింది గంతే. "ఒంట్లె గుర్తు ఉంటదట మామా..." అని నీళ్లు నమిలింది.

పర్వతాలు పకపక నవ్విండు. "గుర్తు ఉంటదట! మరి నా ముప్పైనాలుగు గొర్లకు ఎందుకు లేకపాయె గుర్తు? నువ్వు బడిల కూసొని చదువుకున్నవ్ బిడ్డా. నేను గుంతలు తవ్వి చదువుకున్న. వేరే రకానికి పాత సూది దండుగ. షుగర్ మనిషికి ఉత్తగ జ్వరం తెప్పిస్తవా? కొత్త రకానికి కొత్త సూది రానీ, నేనే పట్టుకొచ్చి ఏపిస్త."

"నువ్వు ఏయించుకుంటివి గదనయ్యా?" అన్నది జానమ్మ, మెల్లగ.

"అది పాత రకం ఉన్నప్పటి ముచ్చట. ఇప్పుడు నాది గూడ ఉన్నా లేనట్టే."

జానమ్మ మొగుని దిక్కు చూసింది, మెర్సి దిక్కు చూసింది. మడిచిన రైక చెయ్యి కిందికి దింపుకున్నది. "మా ఆయన గొర్ల డాక్టర్ బిడ్డా. కొత్తది వచ్చినంక ఏద్దువుతియ్," అని లేచింది. వెనుకనున్న ఆరుగురు గూడ ఒక్కొక్కళ్లు జారుకున్నరు. మెర్సి డబ్బ మూసుకొని పోయింది. ఆ పూట పర్వతాలు ఛాతీ జానెడు పొంగింది. ఊరు తన మాట మీద నడుస్తుందనుకున్నడు.

నెల తిరగకముందే, జనవరిల, పొట్టేళ్లను అంగడికి తోలుకపోయి వచ్చిన మూడోనాటికి పర్వతాలుకు గొంతు గరగర, ముక్కు కారుడు, ఒళ్లు నొప్పులు. రెండు దినాలు గొంగడి కప్పుకొని పండుకున్నడు. మూడోనాడు లేచి జొన్నరొట్టె తిని మంద ఎంబడి పోయిండు. "చలిగాలి తగిలింది," అన్నడు.

నాలుగోనాడు జానమ్మ పండుకున్నది.

"నాకు తగ్గలేదా? నీకు గూడ తగ్గుతది," అని ధైర్యం చెప్పిండు. మిరియాల కషాయం పెట్టిచ్చిండు. ప్రేమ లేక కాదు, అది మాత్రం నేను అనను. ఉన్నదల్ల గా పాడు ధైర్యమే. మూడు దినాలు అట్లనే గడిపిండు. నాలుగోనాడు జానమ్మ వాకిలి దాక నడిచి, గోడ పట్టుకొని కూలబడ్డది. మాట మాటకు ఊపిరి తెగుతాంది. మెర్సి ఉరికొచ్చి వేలికి క్లిప్పు పెట్టి చూసింది. 108కు ఫోన్ చేసింది.

పాలమూరు పెద్ద దవాఖానకు నారాయణపేటకెల్లి బిడ్డ నాగరాణి గూడ వచ్చింది. బట్టల దుకాణంల పనిచేస్తది, ఒక్కతే బిడ్డ. డాక్టర్ కాయిదం మీద రాసుకుంట అడిగిండు.

"ఇంట్ల ఇంకెవరికన్న వచ్చిందా?"

"నాకొచ్చింది సార్. రెండు దినాలల్ల తగ్గింది."

"మీరు టీకాలు ఏసుకున్నరా?"

"రెండు ఏసుకున్న."

"ఆమె?"

నాగరాణి చెప్పింది. "ఏసుకోలే సార్. ఏసుకుంట అంటే మా నాయిన వద్దన్నడు."

డాక్టర్ ఒక్క గడియ తల ఎత్తి పర్వతాలు మొకం చూసిండు. తిట్టలే. తిడితే బాగుండునని పర్వతాలు తర్వాత చానాసార్లు అనుకున్నడు.

ముక్కుకు, నోటికి మాస్కు పెట్టిన్రు. ఐదోనాడు పర్వతాలును జరసేపు లోపటికి రానిచ్చిన్రు. జానమ్మ మాస్కు పక్కకు జరిపి ఏదో అడిగింది. ఇనపడకపోతే నోటి కాడ చెవి పెట్టిండు.

"కొత్త సూది వచ్చిందానయ్యా?"

తెచ్చి ఏపిస్తనన్నడు గదా, అదే నమ్ముకొని ఉన్నది పిచ్చి మనిషి. "వస్తది, వస్తది," అన్నడు పర్వతాలు. ఆరోనాడు జానమ్మ పోయింది.

పదకొండోనాడు గోపీకృష్ణ పలకరించ వచ్చిండు. పర్వతాలు లేచి ఆయన మీదికి పోయిండు. "నువ్వు చెప్పలేదా? వేరే రకానికి ఆ సూది పనిచెయ్యదని నువ్వే గద చెప్పింది? నీ మాట పట్టుకొనే గద నేను..."

గోపీకృష్ణ మొకం తెల్లబోయింది. "నేను నీలినాలుక ముచ్చట చెప్పిన అన్నా. కరోనా ముచ్చట నన్నెప్పుడన్న అడిగినవా? పొట్టేలు దగ్గితె పొద్దు పొడవకముందే ఫోన్ చేస్తవ్. వదినె కోసం ఒక్క ఫోన్ చేసుంటె ఏం పోతుండె?"

పర్వతాలు నిలబడ్డ కాడనే కూసున్నడు. తల పైకెత్తి అడిగిండు. "నాకెందుకు ఏం కాలె మరి? నాది గూడ పాత సూదే గదా?"

"అంగడిల నీ గొర్రెను ఎట్ల గుర్తుపట్టినవ్ అన్నా? చెవి లేదు, బొచ్చు లేదు, రంగు వేరు."

"మొకం చూసి."

"అదే. గీ కొత్త రకం కొత్త రోగం కాదు, పాత దొంగనే, చెవి కోసుకొని రంగు పూసుకొని వచ్చిండు. సూది పడ్డంక నెత్తుర్ల కావలోళ్లు పుడ్తరు. వాకిట్ల నిలబడి చెవి గుర్తు చూసి పట్టెటోళ్లు వాళ్లు. నెలలు గడిస్తె తక్కువ పడ్తరు, చెవి మారితె చానామంది పోల్చుకోరు. అందుకే నీకు జలుబు తగిలింది. కాని లోపట నీలాంటోళ్లు ఇంకొందరు ఉంటరు. సూది వాళ్లకు ఆ దొంగను ఒక్కసారి చూపించి పెడ్తది. ఏండ్లు గడిచినా మరువరు. మారని తావు చూసి, వీడే వాడని లేస్తరు, కొత్త కావలోళ్లను పుట్టిస్తరు, రోగం పట్టిన కాడికి పోయి దాన్ని ఖతం చేస్తరు. వాళ్లు లేచేదాక నీకు రెండు దినాల తక్లీఫ్. లేచినంక రోగాన్ని ఊపిరితిత్తులల్ల బలంగ దిగనియ్యలే." గోపీకృష్ణ గొంతు తగ్గించిండు. "వదినె ఒంట్లె ఆ దొంగను ముందు చూసినోళ్లు ఎవ్వరు లేకపాయిరి. కొత్తగ చూసి, కొత్తగ నేర్చుకునేసరికి ఆలస్యమైంది."

"నీలినాలుకకు మరి..."

"వాటి రకాలు పేరుకే ఒక్కటి. ఒకదాన్ని నేర్చినోడు ఇంకోదాన్ని ఆపుడు కష్టం. అన్ని రోగాలు ఒక్కతీరు ఉండయ్ అన్నా." తర్వాత అబద్ధం ఆడొద్దని ఇంకో మాట గూడ అన్నడు. "సూదులేసుకున్నోళ్లల్ల గూడ కొందరు పోయిన్రు. వదినె తప్పక బతికేదని ఒట్టు పెట్టి చెప్పలేను. బతికే దారి మాత్రం పెద్దగ ఉండె."

సూదేసుకున్నోళ్లు గూడ పోయిన్రన్న మాట పర్వతాలుకు ఓదార్పు కాలే. ఊరోళ్లకైతే గసొంటి మాటే చాలు. చాయ హోటల్ కాడ, "షుగర్ మనిషి గదా, నువ్వేం జేస్తవ్ అన్నా," అన్నరు. "అంత వరకే ఉన్నది ఆమెకు," అన్నరు. ఒక్కడన్న, నువ్వు తప్పు జేసినవ్ అనలే. ఆయన ఒళ్లే ఆయనకు సాక్షి చెప్తాంది: రెండు సూదులు పడ్డ ఒళ్లు, రొట్టె తింటాంది, మంద ఎంబడి నడుస్తాంది. రోజూ పొద్దుగాల లేస్తుంటే ఆయనకు ఆయన మీదనే రోత పుట్టేది.

ఒకనాడు ఏం తోచిందో, సబ్‌సెంటర్‌కు పోయిండు. ఆ దినం తన మాటకు జారుకున్న ఆరుగురు యాదికొచ్చిన్రు. వాళ్లనన్న బతికిచ్చుకోవాలె గదా.

"మెర్సమ్మా, ఆ ఆరుగురి కాడికి నేనే పోయి చెప్త. నేను తప్పు చెప్పిన్నని అందరి ముంగట అంట. వాళ్లకు ఏద్దువు రా."

మెర్సి రిజిస్టర్ తీసింది. తీసి ఆయన ముంగట పెట్టనా వద్దా అని జర ఆగింది. "అవసరం లేదు మామా. ఆ వారంలనే అందరు వచ్చి ఏయించుకున్నరు."

"ఎవరు? ఉప్పలమ్మ గూడనా?"

"ఉప్పలమ్మ మర్నాడే వచ్చింది. పెద్దమనిషివి, నీ మాట ఎదురుంగ కాదనలేక ఆ దినం పోయిన్రట. తర్వాత ఒక్కొక్కళ్లు చేన్లకు పోతున్నట్టు ఇటు మర్లి వచ్చిన్రు." ఆమె రిజిస్టర్ మూసింది. "నేను అత్తమ్మ కోసం గూడ చూసిన మామా. రాలే."

ఊరు ఊరంత తన మాట ఇంటదనుకున్నడు పర్వతాలు. ఇన్నది ఒక్క జానమ్మనే.

వానలకు ముందు మళ్ల చిటుకరోగం సూదుల దినం వచ్చింది. గోపీకృష్ణ డబ్బ తెచ్చిండు. జాజు గిన్నె పట్టేటందుకు మనిషి లేదని ఉప్పలమ్మ ఫోన్ చేస్తే నాగరాణి వచ్చింది. దవాఖానకెల్లి వచ్చిన కాడినుంచి ఆమె నాయినతోటి ఒక్క మాట మాట్లాడలే. గిన్నె పట్టుకొని అమ్మ కూసునే బండ మీద కూసున్నది.

పర్వతాలు పట్టుకుంట పోయిండు, గోపీకృష్ణ పొడుచుకుంట పోయిండు, నాగరాణి బొట్లు పెట్టుకుంట పోయింది. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి నూటికి పైన అయినై. అప్పుడు తెల్లమూతిది, రెండేండ్ల గొర్రె, సందుల జారి కంచె దాటి ఉరికింది. పర్వతాలు దాని ఎంబడి పడ్డడు. అరవై ఏండ్ల మనిషి, కాళ్లకు చెప్పులు లేవు. తుమ్మకంపలపొంటి ఉరికి, ఒకసారి బోర్ల పడి, లేచి, మళ్ల ఉరికి, ఆఖరికి దాని వెనుక కాలు దొరకబట్టిండు. మోకాలు పగిలి నెత్తురు కారుకుంట, గొర్రెను భుజాన ఏసుకొని వచ్చిండు.

"ఇడిసిపెట్టకపోయినవా అన్నా, రేపు ఏసేటోళ్లం గదా," అన్నడు గోపీకృష్ణ.

"ఒక్కటి గూడ తప్పిపోవద్దు," అన్నడు పర్వతాలు రొప్పుకుంట. గొర్రెను కాళ్ల నడుమ ఇరికించి మూతి పైకెత్తిండు.

నాగరాణి జాజుల వేలు ముంచి, తల ఎత్తకుండనే అన్నది. ఐదు నెలలకు అదే మొదటి మాట.

"మా అమ్మను గూడ గిట్లనే పట్టుకోకపోయినవా నాయిన?"

సూది దిగింది, వచ్చింది. నొసట బొట్టు పడ్డది. గొర్రె కాళ్లు కొట్టుకుంటాంది.

"అయిపోయింది, ఇడువు అన్నా," అన్నడు గోపీకృష్ణ.

పర్వతాలు ఇడువలే. మళ్ల చెప్పినా ఇడువలే. దాని తెల్లటి మూతిని రెండు చేతులతోటి అట్లనే పట్టుకొని ఉన్నడు. ఆఖరికి గోపీకృష్ణనే వంగి ఆయన వేళ్లను ఒక్కొక్కటి ఊడదియ్యవలసి వచ్చింది.